దారిన పోవువానికి గిన్నెడు నీళ్లు

ఈ నెల బైబిలు పాఠము

చదువవలసిన భాగములు: ఆదికాండము 24:10–20, యిర్మీయా 38:6–13, మత్తయి 10:40–42, లూకా 10:25–37, యోహాను 4:1–9, అపొస్తలుల కార్యములు 28:1–10.



ఎండలు ముదురుచున్నవి. మధ్యాహ్నమగుసరికి వీధులలో మనుష్య సంచారము తగ్గిపోవుచున్నది. పశువులు చెట్ల నీడ చేరుచున్నవి. ఇట్టి దినములలో ఎవరో ఒకరు మన గుమ్మము ముందు నిలిచి, “అమ్మా, కాసిన్ని మంచినీళ్లు ఇప్పిస్తారా?” అని అడుగుట మనకందరకు తెలిసిన సంగతియే. ఆ అడిగినవాడు ఏ ఊరివాడో, ఏ పని మీద పోవుచున్నాడో మనకు తెలియదు. త్రాగి వెళ్లిపోయిన తరువాత మరల అతని ముఖము చూడకపోవచ్చును. మనమిచ్చిన నీళ్లకు సాక్షులు ఎవరును ఉండరు. ఇంత చిన్న సంగతిని గూర్చి ఒక నెల పాఠమంతయు వ్రాయవలెనా అని కొందరు అడుగవచ్చును. వ్రాయవలెననియే మేము తలంచుచున్నాము. పెద్ద కార్యములు చేయుటకు మనలో అనేకులకు అవకాశము రాదు. గుమ్మములోనికి వచ్చిన దాహము మాత్రము బీదవానికిని ధనికునికిని ఒక్కటే రీతిగా వచ్చును.

1. ప్రభువు లెక్కలోనికి వచ్చిన చిన్న పని

మత్తయి సువార్త 10వ అధ్యాయము తెరువుడి. ప్రభువు తన పండ్రెండుగురు శిష్యులను గ్రామములకు పంపుచు, వారికి చెప్పవలసిన మాటలన్నియు చెప్పెను. సంచి వద్దు, రెండు అంగీలు వద్దు, డబ్బు వద్దు అనెను. హింసలు కలుగుననియు, ఇంటివారే శత్రువులగుదురనియు హెచ్చరించెను. ఇంత గంభీరమైన ప్రసంగమును ఆయన ఏ మాటతో ముగించెనో గమనించితిరా? ఈ చిన్నవారిలో ఒకనికి, శిష్యుడని యెంచి, ఒక గిన్నెడు చల్లని నీళ్లు ఇచ్చినవాడు తన ఫలమును పోగొట్టుకొనడని చెప్పి ముగించెను.

ఇక్కడ దాహముతో ఉన్నవారెవరు? శిష్యులే. మనము ఈ వచనమును చదువునప్పుడెల్ల మనలను నీళ్లిచ్చువారి స్థానములో నిలుపుకొందుము. అయితే ప్రభువు తనవారిని మొదట నీళ్లు అడుగువారినిగా పంపెను. చేతిలో ఏమియు లేక, ఎవరి గడపనో త్రొక్కి, వారి దయవలన బ్రదుకవలసినవారినిగా పంపెను. అడుగుట తెలియనివానికి ఇచ్చుట సరిగా తెలియదు.

మరియొక మాట. ప్రభువు కేవలము నీళ్లు అనలేదు, చల్లని నీళ్లు అనెను. ఎండలో నిలువయున్న నీళ్లు వెచ్చబడును. చల్లని నీళ్లు కావలెనన్న బావిలో చేద వేసి తోడవలెను, లేక నీడనుంచిన కుండలోనుండి ముంచి తేవలెను. అనగా లేచి నాలుగు అడుగులు వేయవలెను. ఆ నాలుగు అడుగులే మన పాఠము.

2. ఎట్లు ఇచ్చితిమన్నది ముఖ్యము

అబ్రాహాము దాసుడు పది ఒంటెలతో నాహోరు పట్టణమునకు వచ్చి, సాయంకాలమున ఊరి వెలుపలి బావియొద్ద నిలిచెను. రిబ్కా కడవ భుజము మీద పెట్టుకొని వచ్చెను. అతడు అడిగినది కొంచెము నీళ్లు. ఆమె త్వరపడి కడవను చేతిమీదికి దించి అతనికి త్రాగనిచ్చెను. అంతటితో ఆమె బాధ్యత తీరినది. అయితే ఆమె కన్నులు అతని వెనుకనున్న ఒంటెలను చూచెను. అవి కూడ తృప్తిగా త్రాగువరకు తోడి పోసెదనని తానే చెప్పి, తొట్టికిని బావికిని మధ్య పరుగెత్తెను.

బాగుగా దప్పిగొన్న ఒంటె ఒక్కటి నూరు లీటర్ల వరకును త్రాగగలదు. పది ఒంటెలకు ఎన్ని కడవలు కావలెనో నీళ్లు మోసిన మన అక్కలును చెల్లెండ్రును లెక్క వేయగలరు. ఆ పని చేయుచున్నంతసేపు ఆ పరదేశి పేరైనను రిబ్కా అడుగలేదు. మీరెవరు, మీదే ఊరు, మీ వాళ్లెవరు అను ప్రశ్నలు లేవు. ముందు దాహము తీరెను. పేర్లును వంశములును తరువాత వచ్చెను.

యిర్మీయా గ్రంథములో మరియొకడు ఉన్నాడు. ప్రవక్తను శత్రువులు గోతిలోనికి దింపిరి. అందులో నీళ్లు లేవు, బురదయే. రాజగృహములో పనిచేయు ఎబెద్మెలెకు అను కూషీయుడు, అనగా ఆ దేశమునకు పరదేశియే, రాజును బ్రతిమాలుకొని ప్రవక్తను పైకి తీయుటకు సెలవు పొందెను. త్రాళ్లు తీసికొని తిన్నగా పోవచ్చును గదా? అతడు అట్లు పోలేదు. మొదట ఖజానా క్రింది గదిలోనికి పోయి పాతబట్టలును చింకిగుడ్డలును ఏరి తెచ్చెను. త్రాళ్లు ఒరసి చర్మము లేచిపోకుండ ఆ గుడ్డలను చంకలలో పెట్టుకొనుమని ప్రవక్తతో చెప్పించక, తానే స్వయముగా చెప్పెను. ప్రాణము కాపాడిన త్రాళ్లను లోకము జ్ఞాపకముంచుకొనును. లేఖనము చింకిగుడ్డలను కూడ జ్ఞాపకముంచుకొనెను. సహాయము చేయుట ఒకటి, నొప్పి కలుగకుండ సహాయము చేయుట ఒకటి.

ఈ రెండవ దానిని మేము ఏ వేదపాఠశాలలోను నేర్చుకొనలేదు. మా నాయనమ్మ యొద్ద నేర్చుకొంటిమి. ఆమె పడుచుదనములో నాట్లకు పోయిన దినములలో, దాహమై ఊరిలో ఒక ఇంటివారిని నీళ్లు అడిగెనట. వారు లేదనలేదు. అయితే ఆమెను వాకిట క్రింద కూర్చుండబెట్టి, దోసిలి పట్టుమని, చెంబు తగులకుండ ఎత్తునుండి పోసిరి. సగము నీళ్లు మోచేతుల మీదుగా కారిపోయెను. “నీళ్లు చల్లగానే ఉన్నయ్యిరా, గుండె మాత్రం మండింది” అని ఆమె ముసలితనములో మాతో చెప్పుచుండెను. ఈ మాట చదువుచున్న మీలో అనేకుల అవ్వలును తాతలును ఇదే దోసిలి పట్టినవారని మాకు తెలియును.

ఆమె తన వాకిట వేపచెట్టు క్రింద ఒక కుండ పెట్టి, మేము ఇంటిలో త్రాగు గ్లాసునే దాని మూత మీద బోర్లించెడిది. వచ్చినవారికి వేరే గ్లాసు పెట్టుటకు ఆమె ఒప్పుకొనలేదు. ఒకనాటి మధ్యాహ్నము పిన్నీసులును గాజులును అమ్ముకొనువాడొకడు ఎండదెబ్బకు తూలుచు వచ్చెను. నాయనమ్మ గ్లాసు నింపి ఇయ్యబోయెను. అతడు ఇది ఎవరి పేట అని అడిగి తెలిసికొని, చేయి వెనుకకు తీసికొనెను. మాకు చిన్నతనపు కోపము వచ్చెను. ఆమె కోపపడలేదు. గ్లాసు క్రింద పెట్టి, “సరే నాయనా, ఎండ వాలేదాకా నీడనన్నా కూర్చో. నీడకు కులం లేదు గదా” అనెను. తాటాకు విసనకఱ్ఱ తెచ్చి అతని ప్రక్కన పెట్టి, మాలో ఒకరిని పిలిచి, తరువాత ఇతనిని ఊరిలోని చలివేంద్రము దాక తోడుకొని పొమ్మనెను. అతడు మరల మా పేటకు వచ్చెనో లేదో మాకు జ్ఞాపకము లేదు. ఆ విసనకఱ్ఱ మాత్రము జ్ఞాపకమున్నది. తనకు జరిగిన అవమానమును ఆమె ఆ నీడలో ఇంకొకరికి అప్పగింపలేదు.

3. నీళ్లు అడిగిన ప్రభువు

ఇప్పుడు యోహాను సువార్త 4వ అధ్యాయమునకు రండి. మిట్టమధ్యాహ్నము. సుఖారు అను సమరయ ఊరి దగ్గర యాకోబు బావి. ప్రభువు ప్రయాణమువలన అలసి బావియొద్ద కూర్చుండెను. చేదుకొనుటకు ఆయనకు ఏమియు లేదు. నీళ్లకు వచ్చిన సమరయ స్త్రీని ఆయన దాహమునకిమ్మని అడిగెను. ఆమె ఆశ్చర్యపడెను. ఆమెను ఆశ్చర్యపరచినది ఆయన దాహము కాదు. యూదుడు సమరయుల చేతి పాత్రలో త్రాగుటకు ఒప్పుకొనుటయే ఆమెకు వింత. యూదులు సమరయులతో సాంగత్యము చేయరని సువార్తికుడే మనకు వివరించుచున్నాడు.

ప్రియులారా, ఈ కథ మన గ్రామముల కథ కాదా? టీ దుకాణములలో కొందరికి ఒక గ్లాసు, మరికొందరికి వేరొక గ్లాసు పెట్టు దురాచారమును మనము ఎరుగుదుము. అంటరానితనమును భారత రాజ్యాంగము 17వ అధికరణము చేత రద్దు చేసెను. అది అమలులోనికి వచ్చినది 1950లో. అయినను చట్టములో పోయినది మనుష్యుల చేతులలోనుండి అంత త్వరగా పోలేదు. ప్రభువు సుఖారులో ఉపన్యాసము చేయక మునుపే, ఒక గ్లాసు విషయములో తన తీర్పు చెప్పెను. ఆమె చేతి నీళ్లు తనకు కావలెననెను. ఒకనికి దయ చూపుట అనగా ఎల్లప్పుడు ఇచ్చుటయే కాదు. కొన్నిమార్లు అతని చేతి నీళ్లు పుచ్చుకొని త్రాగుటయే గొప్ప దయ.

ఇక్కడ మనలను మనము పరీక్షించుకొనవలెను. దోసిలి పట్టినవారి పిల్లలమైన మనము, మనకంటె తక్కువవారని మనము తలంచువారి ఇంట త్రాగుచున్నామా? ఇటుక బట్టీలకు ఒడిశానుండి వచ్చిన కుటుంబములు కలవు. నాట్లకు బీహారునుండియు బెంగాలునుండియు వచ్చు కూలీలు కలరు. ఊరి చివర గుడారములు వేసికొను సంచారజాతులవారు కలరు. వారు మన వాకిటికి వచ్చినప్పుడు మనము ఏ గ్లాసు ఇచ్చుచున్నాము? మీరు ఐగుప్తులో పరదేశులై యుంటిరి గనుక పరదేశిని ప్రేమింపుడని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించుటకు కారణము ఇదియే (ద్వితీ. 10:19). బాధపడినవాడు బాధను ఎరుగును. అయితే ఎరిగినంత మాత్రమున జాలి పుట్టదు. దానిని ప్రార్థనచేతను అభ్యాసముచేతను నేర్చుకొనవలెను.

4. దాటిపోయిన ప్రక్క

మంచి సమరయుని ఉపమానము మనకు కంఠస్థమే. యెరూషలేమునుండి యెరికోకు దారి సుమారు 27 కిలోమీటర్లు. ఆ కొంచెము దూరములోనే దారి వెయ్యి మీటర్లు క్రిందికి దిగును. బండలు, మలుపులు, దొంగలు దాగు చోట్లు ఆ దారిలో విస్తారము. యాజకుడును లేవీయుడును దుర్మార్గులని ప్రభువు చెప్పలేదు. వారు చూచి, అవతలి ప్రక్కగా పోయిరని మాత్రము చెప్పెను. వారు ఎందుకు పోయిరో మేము చెప్పగలము, ఏలయనగా మేమును అట్లే పోయితిమి.

2015 మే నెలలో మన రాష్ట్రములలో వీచిన వడగాడ్పులను మీరు మరచిపోయియుండరు. ఆ వేసవిలో దేశమంతటను రెండు వేలకు మించినవారు వడదెబ్బచేత చనిపోయిరి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణవారే. ఆ దినములలో ఒకనాడు మేము ముగ్గురము ఒక గ్రామములో ఆరాధన నడిపించుటకు ఆటోలో పోవుచుంటిమి. అప్పటికే ఆలస్యమైనది. దారి ప్రక్కన తుమ్మచెట్టు క్రింద ఒక వృద్ధుడు తలగుడ్డ చేతపట్టుకొని కూర్చుండి, మమ్మును చూచి చేయి ఎత్తెను. ఆటోలో మా కాళ్లయొద్దనే నీళ్ల క్యాను ఉన్నది. త్రాగుబోతేమో అని ఒకరము అంటిమి. వెనుక ఎవరైన వచ్చెదరులే అని మరియొకరము అంటిమి. సంఘము ఎదురుచూచుచున్నదని అందరము అంటిమి. ఆటో ఆగలేదు. ఆరాధన సమయమునకే ప్రారంభమైనది. తిరిగి వచ్చునప్పుడు ఆ చెట్టు క్రింద ఎవరును లేరు. అడుగుటకు దగ్గరలో ఇల్లు లేదు. ఆ వృద్ధుడు లేచి ఇంటికి చేరెనో, ఎవరైన చేర్చిరో, మరేమైనదో నేటికిని మాకు తెలియదు. దేవుడు క్షమించునని మేము నమ్ముచున్నాము. అయినను ఈ ఉపమానము చదువవలసి వచ్చినప్పుడెల్ల మా గొంతు తడబడును. దీనిని మీతో దాచకుండ చెప్పుట మేలని తలంచితిమి.

భయమువలన ఆగనివారును కలరు. దారిలో ప్రమాదమైనవానిని ముట్టుకొన్నచో పోలీసు కేసనియు, సాక్ష్యమునకు కోర్టుల చుట్టు తిరుగవలెననియు మనవారు జంకుదురు. ఇప్పుడు ఆ భయమునకు కారణము చాల తగ్గినది. ఇట్టి సహాయకులను వేధింపరాదని చెప్పు మార్గదర్శకములను సుప్రీము కోర్టు 2016 మార్చి 30న ఆమోదించెను. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 134ఎ అను విభాగమును చేర్చిరి. మంచి మనస్సుతో క్షతగాత్రునికి సహాయము చేసినవానిమీద, సహాయము చేయుటలో జరిగిన పొరపాటుకై సివిలు కేసుగాని క్రిమినలు కేసుగాని ఉండదు. తన పేరు చెప్పుమని అతనిని బలవంతపెట్టరాదు. ఆ చట్టములో అట్టివానికి పెట్టిన పేరేమో ఎరుగుదురా? గుడ్ సమారిటన్, అనగా మంచి సమరయుడు. ప్రభువు చెప్పిన కథలోని పేరులేని ప్రయాణికుడు నేడు మన దేశపు చట్టములో నిలిచియున్నాడు. అతని పేరు చట్టములో ఉండగా, అతని పని మన చేతులలో లేకపోయినచో అది మనకు సిగ్గు.

5. నిప్పు రాజేసినవారు

ఓడ పగిలి, పౌలుతో కూడ 276 మంది మెలితే ద్వీపము ఒడ్డున పడిరి. వర్షము, చలి. ద్వీపవాసులు నిప్పు రాజేసి వారినందరిని చేర్చుకొనిరి. లూకా వారి దయను సామాన్యమైన దయ కాదని వ్రాసెను. వారిని అనాగరికులని మన బైబిలు పిలుచుచున్నది. గ్రీకు భాష మాటలాడనివారిని గ్రీకులు అట్లు పిలిచెడివారు. వారు సువార్త వినినవారు కారు. అపొస్తలుడు వారికి ఏమియు బోధింపక మునుపే, వారు అతనికి చలిమంట ఇచ్చిరి.

క్రైస్తవేతరుల దయను తక్కువగా చూచు అలవాటు మనలో ఉన్నయెడల ఈ అధ్యాయము దానిని సరిదిద్దును. మన కోనసీమలో లంకల గన్నవరమున దొక్కా సీతమ్మగారు ఉండిరి. ఆమె 1841లో పుట్టి 1909లో మరణించిన హిందూ గృహిణి. గోదావరి పాయలు దాటి వచ్చు బాటసారులకు వేళ కాని వేళలోను ఆమె వండి పెట్టెను. గన్నవరమునొద్ద వైనతేయ మీదుగా కాలువ నీళ్లను దాటించు అక్విడక్టునకు నేడు ఆమె పేరే. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు కూడ ఆమె పేరు పెట్టెను. అన్నము పెట్టిన చేతిని దేశము మరువలేదు. 2020లో కరోనా వ్యాధివలన దేశమంతయు మూతపడి, వలస కూలీలు పిల్లలను భుజాల మీద ఎత్తుకొని జాతీయ రహదారులవెంట నడచిపోయినప్పుడు, అన్ని మతములవారును దారి ప్రక్కన నిలిచి మజ్జిగ, పులిహోర, చెప్పులు అందించిరి. అట్టివారిని చూచినప్పుడు మనము దేవుని స్తుతించి, నేర్చుకొనవలెను.

మెలితేలో మరియొకటి జరిగినది. పౌలు పుల్లలు ఏరి నిప్పుమీద వేయగా పాము అతని చేతిని పట్టెను. ద్వీపవాసులు అతనిని నరహంతకుడని అనుకొనిరి. పరదేశిని గూర్చిన అనుమానము ఎంత త్వరగా పుట్టునో చూడుడి! అయితే వారు కఱ్ఱలు పట్టుకొని అతనిమీదికి పోలేదు. కనిపెట్టి చూచిరి, చూచి తమ తలంపు మార్చుకొనిరి.

మనము అట్లు కనిపెట్టని దినములు కలవు. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు వచ్చినవని సెల్‌ఫోనులలో వాట్సాప్ ద్వారా అబద్ధపు వార్తలు వ్యాపించెను. మన తెలుగు రాష్ట్రములతో సహా దేశములో అనేక చోట్ల, ఊరికి క్రొత్తగా కనబడిన అమాయకులను జనులు గుంపుగా కొట్టిరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఒక భిక్షగాడు, ఒక మతి స్థిమితము లేనివాడు, భాష రాని ఒక కూలివాడు, ఇట్టివారే ఆ గుంపుల చేత చిక్కుదురు. అట్టి వేళ గుంపులోనుండి ఒక్కడు ముందుకు వచ్చి, “ఆగండయ్యా, ముందు కాసిన్ని నీళ్లియ్యండి, తరువాత అడుగుదాము” అనినచో ఎంత మేలు! అనుమానమున్నచో పోలీసువారికి తెలుపుట మన హక్కు. చేయి ఎత్తుట మన హక్కు కాదు. అప్పుడు ఆ గిన్నెడు నీళ్లు ఒక ప్రాణమునకు అడ్డుగా నిలుచును. చిన్న దయ అని మనము తేలికగా అనుకొనుచున్నది అంత చిన్నది కాదు.

6. ఈ నెలలో మనము చేయవలసినవి

విని మరచిపోవుటకు గాక, చేయుటకే ఈ పాఠము. సంఘములు ఈ క్రింది వాటిని ఆలోచించుడి.

మొదటిది, ప్రతి సంఘము బస్సు ఆగు చోటనో, నాలుగు దారులు కలియు చోటనో ఒక చలివేంద్రము పెట్టవలెను. తాటాకు పందిరి, ఇసుకమీద రెండు పెద్ద కుండలు, వాటికి తడిబట్ట, మూతలు, పిడిగల ముంత. మంచి నీళ్లే పోయవలెను. కుండలను ప్రతిదినము కడుగవలెను. యౌవనస్థులు వంతులు వేసికొనవచ్చును. నేడు నీళ్లు కూడ సీసాలలో అమ్ముడగుచున్నవి. ఇరువది రూపాయలు లేనివాని దాహమును ఎవరు తీర్చవలెను? ఒక్క మనవి: అందరికి ఒకే విధమైన గ్లాసులు ఉంచుడి. పందిరిమీద సంఘము పేరు వ్రాయకపోయినను నష్టము లేదు.

రెండవది, వడదెబ్బ తగిలినవానికి చేయవలసినది నేర్చుకొనుడి. నీరసపడి, తెలివితో ఉన్నవానికి ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో చిన్న చెంచాతో తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. ఒళ్లు కాలిపోవుచు, మాట తడబడుచు, లేక స్పృహ తప్పి ఉన్నచో నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లంతయు తుడుచుచు విసరవలెను. స్పృహ లేనివాని నోట నీళ్లు పోయరాదు. ఊపిరికి అడ్డుపడి ప్రాణమునకే అపాయము. ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను. ఆ అంబులెన్సులు మన ప్రాంతమున 2005నుండి నడచుచున్నవి. దయకు తెలివి తోడైనప్పుడే ప్రాణము నిలుచును.

మూడవది, స్త్రీలును పిల్లలును ఒంటరిగా ఇంటనున్నప్పుడు జాగ్రత్త తప్పు కాదు. తలుపు తెరువక, అరుగు మీద నీళ్లు పెట్టి త్రాగుమనవచ్చును. పొరుగువారిని పిలువవచ్చును. జాగ్రత్త ఒకటి, కఠినత్వము ఒకటి. వెళ్లిపొమ్మని కసరకుండ చెప్పిన మాట కూడ గిన్నెడు నీళ్ల వంటిదే.

నాలుగవది, మీ ఊరికి వచ్చిన వలస కూలీల గుడిసెలయొద్దకు ఇద్దరేసి వెళ్లి పలుకరించుడి. వారి పిల్లలు ఏమి తినుచున్నారో చూడుడి. వారు చాయ పోసి ఇచ్చినయెడల కూర్చుండి త్రాగుడి. సుఖారు బావియొద్ద ప్రభువు చేసినది అదియే.

ముగింపు

మత్తయి 25వ అధ్యాయములో నీతిమంతులు తీర్పు దినమున ఆశ్చర్యపడుదురు. ప్రభువా, నీవు దప్పిగొనుట మేమెప్పుడు చూచితిమని అడుగుదురు. వారు తమ పనులు లెక్క వ్రాసికొనలేదు. ఇచ్చిన నీళ్లు వారికే జ్ఞాపకము లేవు. ఎడమ ప్రక్కనున్నవారును అదే ప్రశ్న అడుగుదురు. వారును ఆయనను చూడలేదు. రెండు గుంపులవారికిని కనబడినవాడు ఒక దప్పిగొన్న మనుష్యుడు మాత్రమే. ఒకరు లేచిరి, ఒకరు లేవలేదు. అంతే భేదము.

తుమ్మచెట్టు క్రింద చేయి ఎత్తినవాడెవడో మాకు తెలియదని వ్రాసితిమి. ఈ అధ్యాయము చదివిన తరువాత ఆ మాట వ్రాయుటకు మాకు భయముగా ఉన్నది. మీ గుమ్మము ముందు ఎవరైన నిలిచినప్పుడు, ప్రియులారా, లేవుడి.

సంఘములోను కుటుంబములోను చర్చించుటకు ప్రశ్నలు

1. రిబ్కా దయలో అడిగినదానికంటె ఎక్కువైనది ఏది? మన ఇంటికి వచ్చువారి వెనుకనున్న ఒంటెలు, అనగా వారు అడుగని అక్కరలు ఏవి?
2. ఎబెద్మెలెకు తెచ్చిన చింకిగుడ్డలవలన మనము నేర్చుకొనవలసినదేమి? సహాయము చేయుచు ఎవరినైన నొప్పించితిమా?
3. మన పెద్దలు ఎట్టి గ్లాసులో, ఎట్టి చేతులతో నీళ్లు త్రాగిరి? ఆ జ్ఞాపకము మనలను మెత్తపరచినదా, గట్టిపరచినదా?
4. మనము దాటిపోయిన ఒక మనుష్యుని జ్ఞాపకము చేసికొనుడి. నేడు అట్టివాడు ఎదురైనచో ఏమి చేయుదుము?
5. మన సంఘము చలివేంద్రము ఎక్కడ పెట్టవలెను? మొదటి వారము వంతు ఎవరిది?

ప్రార్థన

బావియొద్ద అలసి కూర్చుండి నీళ్లు అడిగిన ప్రభువా, మా వాకిట నిలుచువారిలో నిన్ను గుర్తుపట్టలేని కన్నులు మావి. మేము దాటిపోయినవారిని నీవు దాటిపోక చేర్చుకొనుము. మాకు జరిగిన అవమానమును ఇతరులకు అప్పగింపకుండ మా మనస్సులను కాపాడుము. మా కుండలలో నీళ్లును, మా కాళ్లలో లేచు సత్తువయు, మా మాటలలో మెత్తదనమును ఈ వేసవి అంతయు ఉండనిమ్ము. ఆమేన్.